మూడు డోసులు వేయించుకున్నా యాంటీబాడీలు ఎందుకు రాలేదు?

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఒకే సీసాలోని మందును ఇద్దరికి వేస్తే ఇద్దరి శరీరాలూ ఒకేలా స్పందించకపోవడంలో జన్యువుల పాత్ర ఎంత అన్నదే ఆ సందేహం. కొందరు తమ పేర్లు ప్రచురించవద్దని కోరినందువల్ల ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించాను, ఎందుకంటే అందులోని విషయం అర్థమైతే తక్కిన జవాబులను అనుసరించడం తేలికవుతుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ సమయం తప్పకుండా వేయించుకున్నాను. చివరి డోసు తర్వాత ఆరు వారాలకు రక్తపరీక్ష చేయిస్తే యాంటీబాడీల స్థాయి 10 కంటే తక్కువని రిపోర్టు వచ్చింది. అదే రోజున, అదే గదిలో టీకా వేయించుకున్న నా స్నేహితురాలికి 1000 దాటింది. మా అమ్మగారికి కూడా ఒకప్పుడు ఇలాగే జరిగిందట. నా రోగనిరోధక శక్తిలోనే లోపం ఉందా? ఇది వంశంలో వచ్చేదేనా?

జవాబు: ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మంది వరకు మూడు డోసుల తర్వాత కూడా ఆ 10 అనే గీతను, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లను, దాటరు. వాళ్లలో అత్యధికులు మిగతా వైరస్‌లను అందరిలాగే ఎదుర్కొంటారు, ఇతర టీకాలకు చక్కగా స్పందిస్తారు. కనుక మీది రోగనిరోధక శక్తి లేకపోవడం కాదు. ఒకానొక ప్రోటీన్ విషయంలో మాత్రమే మీ శరీరం మందకొడిగా ఉందని ఆ రిపోర్టుకు అర్థం.

ఆ ప్రోటీన్ సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. హెపటైటిస్-బి టీకాలో వైరస్ ఉండదు. దాని పైపొరలోని 226 అమైనో ఆమ్లాల గొలుసు ఒక్కటే ప్రధానంగా ఉంటుంది. అమెరికాలో 1986లో అనుమతి పొందిన రకం నుంచి దీన్ని ఈస్టు కణాలలో తయారు చేస్తున్నారు. భుజం కండరంలోకి వెళ్లిన ఈ ప్రోటీన్‌ను కొన్ని కణాలు మింగి, చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను హెచ్‌ఎల్‌ఏ అనే అణువు పైభాగంలో ఉండే గాడిలో అమర్చి, తమ ఉపరితలం మీద పైకెత్తి పట్టుకుంటాయి. తెల్ల రక్తకణాలలో ఒక రకమైన సహాయక టి-కణాలు అటుగా వచ్చి ఆ గాడిలో ఉన్నదాన్ని తడిమి చూస్తాయి. గాడిలో ఇమిడిన ముక్కనే అవి చూడగలవు; ఇమడని ముక్క ఎంత ముఖ్యమైనదైనా వాటి కంట పడదు. ముక్కను గుర్తించిన టి-కణం బి-కణాలకు సైగ చేస్తేనే బి-కణాలు లక్షల్లో పెరిగి, బలమైన యాంటీబాడీలను కుమ్మరిస్తాయి. ఆ సైగ బలహీనంగా ఉంటే సూది సక్రమంగా పడినా రిపోర్టులో అంకె పైకి లేవదు.

ఆ గాడి ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది. 6వ క్రోమోజోము పొట్టి చేతి మీద గుత్తిగా ఉన్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులకు వేల సంఖ్యలో రూపాలున్నాయి. మానవ జన్యురాశిలో ఇంత వైవిధ్యం ఉన్న చోటు మరొకటి లేదు. అందరి గాళ్లూ ఒకే ఆకారంలో ఉండి ఉంటే, ఆ గాడికి చిక్కని ముక్కలతో తయారైన ఒక్క వైరస్ పుట్టినా ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయేవి. మనుషులంతా ఒక్కసారిగా ఓడిపోకుండా ఉండేందుకు ఏర్పడిన ఈ వైవిధ్యమే, ఎవరో కొందరిని ఏదో ఒక టీకా దగ్గర ఇబ్బంది పెడుతుంది. దీనికి తోడు, ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఏ టి-కణాలు బతకాలో, ఏవి నశించాలో నిర్ణయమయ్యేది కూడా ఈ హెచ్‌ఎల్‌ఏ అణువుల ముందే కనుక, గాడిలో ముక్క బాగానే అమరినా దాన్ని గుర్తుపట్టే టి-కణాలు కొద్దిగానే ఉండే అవకాశం కూడా ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1960ల మొదట్లో బారుజ్ బెనాసెరాఫ్ బృందం గినీ పందులకు ఒక చిన్న కృత్రిమ ప్రోటీన్‌ను ఎక్కించినప్పుడు కొన్ని గట్టిగా స్పందించాయి, కొన్ని బొత్తిగా స్పందించలేదు. ఆ తేడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఒక్క జన్యువు సంక్రమించినంత స్పష్టంగా సంక్రమించింది. ఆ జన్యువులున్నది మనలోని హెచ్‌ఎల్‌ఏకు సమానమైన ప్రాంతంలోనేనని ఆ తర్వాత తేలింది. 1980 నోబెల్ బహుమతిని, హెచ్‌ఎల్‌ఏ వ్యవస్థను వెలికితీసిన జాన్ డోసే, ఎలుకల మీద పనిచేసిన జార్జ్ స్నెల్‌లతో కలిసి బెనాసెరాఫ్ అందుకున్నారు. హెపటైటిస్-బి టీకా విషయంలో మనుషులలో ఇదే సంగతిని 1989లో చెస్టర్ ఆల్పర్ బృందం నిరూపించింది. బీ8, డీఆర్3 రూపాలను కలిపి మోసుకువచ్చే ఒక జన్యువుల వరుస తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా అందినవారిలో చాలామందికి యాంటీబాడీలు అతి తక్కువగా వచ్చాయి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారు బాగా స్పందించారు. ఆ తర్వాతి అధ్యయనాలు డీఆర్‌బీ1 అనే హెచ్‌ఎల్‌ఏ జన్యువుకు చెందిన డీఆర్‌బీ1*03, డీఆర్‌బీ1*07 రూపాలను బలహీన స్పందనతోనూ, డీఆర్‌బీ1*13 వంటివాటిని మంచి స్పందనతోనూ ముడిపెట్టాయి.

మీ అమ్మగారి ప్రస్తావనకు జవాబు ఇందులోనే ఉంది. మీ హెచ్‌ఎల్‌ఏ రూపాలలో సగం ఆమెవి, సగం మీ నాన్నగారివి. ఒక మంచి ప్రతి ఉంటే చాలావరకు పని గడుస్తుంది గనుక, అమ్మకు రాకపోతే కూతురికీ రాదన్న నియమం లేదు. ఇద్దరికీ రాకపోవడం కుదరనిదీ కాదు. అయితే వంశం మీదికి తోసేసే ముందు మామూలు కారణాలను తోసిపుచ్చుకోవాలి. నలభై దాటిన వయసు, ఊబకాయం, పొగతాగడం, మూత్రపిండాల వ్యాధి, మందును భుజానికి కాక పిరుదుకు వేయడం, టీకా గడ్డకట్టిపోయేంత చలిలో నిల్వ ఉండడం, ఇవన్నీ అంకెను కిందికి లాగేవే. పురుషులలో స్పందన స్త్రీలకంటే కొంత తక్కువ. అన్నింటికంటే ముందు, మీకు ఈ వైరస్ ఇప్పటికే సోకి దీర్ఘకాలంగా ఉండిపోలేదని నిర్ధారించుకోవాలి. అలాంటివారిలోనూ ఈ యాంటీబాడీలు కనిపించవు.

ఆ పరీక్షలో ఏమీ లేదని తేలితే, రెండోసారి పూర్తి వరుస వేయించుకొని, చివరి డోసు తర్వాత నెల నుంచి రెండు నెలలలోపు మళ్లీ పరీక్ష చేయించుకోండి. మొదటిసారి స్పందించనివారిలో చెప్పుకోదగిన భాగం ఈ విడతలో గీత దాటుతారు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఒక రకంలో, సూక్ష్మజీవుల డీఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్9 అనే గ్రాహకాన్ని మేల్కొలిపే అడ్జువెంటును, అంటే టీకాకు వచ్చే స్పందనను పెంచే పదార్థాన్ని, చేర్చారు. అది రెండే డోసులలో పాత రకంకంటే ఎక్కువ మందిని గీత దాటిస్తుంది. టి-కణాలకు అందే సైగ బలహీనమైనప్పుడు గొంతు పెంచి చెప్పడం లాంటిది ఇది. అప్పటికీ రాకపోతే, వృత్తిలో సూది గుచ్చుకున్న సందర్భంలో తయారుగా ఉన్న యాంటీబాడీలను, అంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను, వెంటనే ఇవ్వవలసినవారిగా మీ పేరు నమోదై ఉండాలి. మరో మాట: ఒకప్పుడు గీత దాటి, ఏళ్లు గడిచాక 10 కిందికి దిగినవారి పరిస్థితి వేరు. వాళ్ల రక్తంలో అంకె తగ్గినా కణాల జ్ఞాపకం నిలిచే ఉంటుంది; మీ అమ్మగారిది ఈ రెంటిలో ఏదో పాత రిపోర్టు తేదీ చూసి తెలుసుకోండి.

ప్రశ్న: టీకాలకు స్పందించడంలో 77 శాతం జన్యువులదేనని, మరోచోట అసలు జన్యువుల పాత్రే లేదని చదివాను. రెండూ కవలల మీద చేసిన పరిశోధనలేనట. ఏది నమ్మాలి? ఒకే తల్లిదండ్రుల పిల్లలు కూడా వేర్వేరుగా ఎందుకు స్పందిస్తారు?

జవాబు: రెండూ నమ్మదగినవే, కాకపోతే రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలలో సగటున సగం. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో, ఒకే వయసులో, ఒకే టీకా పొందుతారు గనుక, మొదటి రకం జంటల యాంటీబాడీ స్థాయులు రెండో రకం జంటలకంటే ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి జన్యువుల వాటాను అంచనా వేస్తారు. మీరు చదివిన 77 శాతం 2004లో ప్రచురితమైన గాంబియా అధ్యయనానిది. అక్కడ 207 జతల కవల శిశువులను పుట్టినప్పటి నుంచి అనుసరించి, అయిదు నెలల వయసులో పరీక్షిస్తే హెపటైటిస్-బి యాంటీబాడీలలో ఈ వాటా 77 శాతం, నోటి ద్వారా వేసే పోలియో టీకాకు 60 శాతం వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలో 100 జతల కవలలలో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాల ఉమ్మడి టీకాను పరిశీలిస్తే, తట్టుకు దాదాపు 89 శాతం, రుబెల్లాకు 46, గవదబిళ్ళలకు 39 వచ్చాయి. ఒకే సూదిలో వెళ్లిన మూడు వైరస్‌లకు మూడు అంకెలు రావడం గమనించండి. టీకాలన్నిటినీ కలిపి జన్యువుల వాటా ఇంత అని చెప్పడం ఎందుకు కుదరదో ఈ ఒక్క అధ్యయనం చాలు.

ఇక 77 శాతం అంటే మీ యాంటీబాడీలలో 77 పాళ్లు జన్యువులు తయారు చేశాయని కాదు. ఈ పొరపాటు పత్రికలలో తరచూ కనిపిస్తుంది, నాకు ప్రతిసారీ విసుగు తెప్పిస్తుంది. ఒక గుంపులో మనుషుల మధ్య కనిపించే హెచ్చుతగ్గులలో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. గుంపు మారితే అంకె మారుతుంది. గాంబియా శిశువులందరి వయసూ ఒకటే, వేసిన మందూ ఒకటే, వాళ్లు అప్పటివరకు చూసిన జబ్బులు బహు తక్కువ. తక్కిన తేడాలు అంతగా లేనిచోట, ఉన్న తేడా జన్యువులదిగా బయటపడుతుంది.

2015లో 210 మంది కవలలను పరీక్షించిన మరో అధ్యయనం దీనికి అవతలి ఒడ్డు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు, ఎనభై దాటిన వృద్ధులూ ఉన్నారు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన 204 కొలతలలో 77 శాతం కొలతలు ప్రధానంగా జన్యువులకు సంబంధం లేని కారణాలవల్లే మారుతున్నాయని అక్కడ తేలింది. ఇన్‌ఫ్లుయెంజా టీకాకు వచ్చిన యాంటీబాడీలలో జన్యువుల వాటా కంటికి ఆననంత స్వల్పం. ఇక్కడా 77 అనే అంకె రావడం కేవలం కాకతాళీయం, పైగా అర్థం తలకిందులు. మీ గందరగోళానికి ఇది కూడా కారణమేమో. పెద్దవాళ్లు ఏళ్లతరబడి రకరకాల ఫ్లూ వైరస్‌లను చూసి ఉంటారు. ఒక కవలకు, ఒకసారి సోకితే జీవితాంతం ఒంట్లోనే ఉండిపోయే సైటోమెగాలోవైరస్ సోకి, మరొకరికి సోకకపోతే, అదొక్కటే ఇద్దరి కణాల లెక్కలను చాలావరకు మార్చివేస్తుంది. పుట్టుకతో ఒకటే అయిన రెండు వ్యవస్థలు జీవితం చేతిలో పడి క్రమంగా వేరుపడతాయి.

హెచ్‌ఎల్‌ఏ ఒక్కటే జన్యువుల వాటా మొత్తానికి లెక్క చెప్పదు. 2002లో జర్మనీలోని కవలల అధ్యయనం హెపటైటిస్-బి టీకాకు జన్యువుల వాటాను 61 శాతంగా లెక్కగట్టి, అందులో డీఆర్‌బీ1 స్థానానికి 25 పాళ్లు మాత్రమే ఇచ్చింది. మిగిలిన 36 పాళ్లు జన్యురాశిలో ఇతర చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి.

అన్నదమ్ముల సంగతి తేలికగా లెక్కకు అందుతుంది. తల్లిదండ్రులిద్దరి దగ్గరా రెండేసి హెచ్‌ఎల్‌ఏ వరుసలు ఉంటాయి, బిడ్డకు ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్కటి వస్తుంది. కనుక ఇద్దరు తోబుట్టువులకు రెండు వరుసలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ఒక్కటే కలిసే అవకాశం సగం, ఒక్కటీ కలవకపోయే అవకాశం మరో నాలుగింట ఒకటి. అవయవ మార్పిడి కోసం తోబుట్టువులను పరీక్షించినప్పుడు కుటుంబాలు ఆశ్చర్యపోయేది ఈ చివరి సందర్భంలోనే.

ప్రశ్న: టీకా పనిచేయడానికీ బ్లడ్ గ్రూపుకూ సంబంధం ఉందా?

జవాబు: ఏ, బీ, ఓ అని మీరు కార్డు మీద రాసుకునే గ్రూపును చూసి ఏ టీకా విషయంలోనూ నిర్ణయం తీసుకోరు. అయితే దానికి చుట్టమైన ఒక జన్యువు రోటావైరస్ టీకా విషయంలో నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఎఫ్‌యూటీ2 అనే ఆ జన్యువు పనిచేసేవారిలో రక్తపు గ్రూపులకు చెందిన చక్కెర గొలుసులు లాలాజలంలోనూ, పేగు లోపలి పొర మీదా కూడా ఉంటాయి. ఐరోపాలో సుమారు అయిదింట ఒకరిలో ఆ జన్యువు రెండు ప్రతులూ పనిచేయవు. వాళ్ల పేగు మీద ఆ గొలుసులు ఉండవు. పసిపిల్లలలో విరేచనాలు కలిగించే రోటావైరస్‌లలో బాగా వ్యాపించిన పీ8 రకం సరిగ్గా ఈ గొలుసులనే పట్టుకొని పేగులో స్థిరపడుతుంది. నోటి ద్వారా వేసే టీకాలలో ఒకటి అదే పీ8 రకానికి చెందిన, బలహీనపరచిన సజీవ వైరస్. పట్టుకొమ్మ లేని పేగులో అదీ సరిగా నిలదొక్కుకోదు, కనుక అలాంటి శిశువులలో యాంటీబాడీలు తక్కువగా వస్తాయి. ఇందులో ఒక తిరకాసు ఉంది. టీకాకు లొంగని ఆ పేగు పీ8 రకం అసలు వైరస్‌కు కూడా అంతగా లొంగదు. టీకా "విఫలమైన" ఆ బిడ్డకు ఆ వైరస్ నుంచి పుట్టుకతోనే కొంత రక్షణ ఉన్నట్టే.

ఒక దేశంలో టీకా బాగా పనిచేసి మరో దేశంలో అంతగా పనిచేయకపోతే, దాన్నంతా జన్యువులకు కట్టబెట్టడం మాత్రం సరికాదు. 2010లో ప్రచురితమైన పరీక్షలో ఇదే టీకా తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి దక్షిణాఫ్రికాలో 77 శాతం, మలావీలో 49 శాతం రక్షణ ఇచ్చింది. పోషకాహార లోపం, పేగులలో అప్పటికే ఉన్న ఇతర సూక్ష్మజీవులు, తల్లి నుంచి బిడ్డకు అందిన యాంటీబాడీలు, వీటన్నింటి వాటా తీసివేశాకే జన్యువుల వాటా గురించి మాట్లాడాలి.

ప్రశ్న: మా పెద్దబాబుకు తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా వేసిన తొమ్మిదో రోజున జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. తర్వాత ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు చిన్నపాపకు పన్నెండు నెలలు నిండాయి. ఇది కుటుంబ జన్యువులలో ఉంటే పాపకు టీకా వేయించవచ్చా?

జవాబు: వేయించవచ్చు, వేయించాలి. తోబుట్టువుకు జ్వరంతో ఫిట్స్ వచ్చి ఉండడం ఈ టీకాకు అడ్డంకి కాదు. ఆటలమ్మ టీకాను కూడా ఒకే సూదిలో కలిపిన నాలుగింటి టీకా మాత్రం ఈ వయసులో జ్వరమూర్ఛ అవకాశాన్ని కొంత పెంచుతుంది గనుక, మీ పాపకు ఆ రెండింటినీ విడివిడిగా వేయమని వైద్యుడిని అడగండి, బాబు సంగతి తప్పక చెప్పండి.

మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఈ టీకా తర్వాత జ్వరమూర్ఛ మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి కనిపిస్తుంది. అది కూడా మొదటి రోజున కాక, టీకాలోని బలహీన తట్టు వైరస్ శరీరంలో పెరిగే రెండో వారం ప్రాంతంలో. మీ బాబుకు తొమ్మిదో రోజున రావడం ఈ లెక్కకు సరిపోతుంది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు ఇలాంటి పిల్లల జన్యురాశిని జల్లెడపట్టి, టీకా తర్వాతి ఫిట్స్‌తోనే ప్రత్యేకంగా సంబంధం ఉన్న రెండు చోట్లను గుర్తించారు. ఒకటి సీడీ46, టీకాలోని తట్టు వైరస్ కణం లోపలికి వెళ్లడానికి వాడుకునే తలుపులలో ఇదొకటి. రెండోది ఐఎఫ్‌ఐ44ఎల్, వైరస్ చొరబడిందని కణాలు ఇంటర్‌ఫెరాన్ ద్వారా మోగించే హెచ్చరికకు స్పందించే జన్యువు. ఆ తర్వాత మూడేళ్లకు, 2017లో, అమెరికాలోని మేయో క్లినిక్ బృందం తట్టు టీకాకు వచ్చే యాంటీబాడీల హెచ్చుతగ్గులకు కారణాలు వెదుకుతూ వెళ్లి సరిగ్గా ఈ రెండు చోట్లకే చేరింది. ఒకే తలుపు, ఒకే హెచ్చరిక గంట అటు రక్షణ స్థాయినీ, ఇటు జ్వరం తీవ్రతనూ ప్రభావితం చేస్తున్నాయన్నమాట. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఫలితం ఇదే, ఎందుకంటే వేర్వేరు ప్రశ్నలతో బయలుదేరిన ఇద్దరు ఒకే గడప దగ్గర కలవడం తరచుగా జరగదు.

ఆ రూపాలు చాలామందిలో ఉంటాయి, వాళ్లలో అత్యధికులకు ఫిట్స్ రావు. వచ్చిన పిల్లలు కూడా సాధారణంగా మీ బాబులాగే ఏ శాశ్వత హానీ లేకుండా కోలుకుంటారు. అదే అసలు తట్టు వ్యాధి సోకితే, సుమారు వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది.

ఇంకో మాట, భయపెట్టడానికి కాదు, తేడా తెలియడానికి. సజీవ వైరస్ టీకాలను నిజంగా ఆపవలసిన జన్యు లోపాలు ఉన్నాయి, కానీ అవి బహు అరుదు. టి-కణాలు దాదాపు లేకుండా పుట్టే తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం వాటిలో మొదటిది. ఆ శిశువులకు రోటావైరస్, తట్టు వంటి సజీవ టీకాలేవీ వేయరాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2008లో నవజాత శిశువులందరికీ మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే దీనికి పరీక్ష మొదలుపెట్టింది. ఇంటర్‌ఫెరాన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువులు ఐఎఫ్‌ఎన్‌ఏఆర్1, ఐఎఫ్‌ఎన్‌ఏఆర్2 రెండు ప్రతులూ పాడైనవారికి తట్టు టీకా, యెల్లో ఫీవర్ టీకా ప్రాణాంతకం కావచ్చు. ఈ లోపం ప్రపంచంలో దాదాపు ఎక్కడా కనిపించనంత అరుదైనా, పశ్చిమ పాలినీషియా దీవుల ప్రజలలో మొదటి జన్యువు, గ్రీన్‌లాండ్ ఇన్యుట్ ప్రజలలో రెండో జన్యువు చెడిన రూపం నూటికి ఒకటికి మించి తిరుగుతోందని 2022లో బయటపడింది. మీ కుటుంబంలో శైశవంలోనే పదేపదే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లతోనో, సజీవ టీకా తర్వాతనో బిడ్డలు చనిపోయిన చరిత్ర ఉంటే, ఆ ఒక్క విషయం మాత్రం టీకాకు ముందే వైద్యుడికి చెప్పాలి.

ప్రశ్న: కోవిడ్ టీకా వేసినప్పుడు నాకు రెండు రోజులు జ్వరం వచ్చింది, మా ఆవిడకు చేయి కూడా నొప్పి పెట్టలేదు. నాకు బాగా పనిచేసిందని, ఆమెకు పనిచేయలేదని అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. జ్వరం తొలి గంటలలో రేగే సహజ స్పందనది. రక్షణ ఆ తర్వాత వారాలలో టి-కణాలూ బి-కణాలూ చేసే పని. రెంటికీ కొంత పొత్తు ఉన్నా, ఒకదాన్ని చూసి మరొకదాన్ని చెప్పలేము. జన్యువుల వైపు నుంచి చూసినా రెంటి జాడలూ వేర్వేరు చోట్ల దొరికాయి: ఫైజర్ టీకా తర్వాత ఇబ్బందులు ఎక్కువగా పడ్డామన్నవారిలో హెచ్‌ఎల్‌ఏ-ఏ*03:01 రూపం ఎక్కువగా కనిపిస్తే, యాంటీబాడీలు ఎక్కువగా వచ్చినవారిలో హెచ్‌ఎల్‌ఏ-డీక్యూబీ1*06 కుటుంబపు రూపాలు ఎక్కువగా ఉన్నట్టు 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. ఈ రెండో రకంవారిలో టీకా తర్వాత కోవిడ్ సోకడం కూడా కొంత తక్కువగా ఉంది. మీ ఆవిడ గారికి ఆ రూపం ఉండి, మీకు లేకపోయినా లేకపోవచ్చు!

ప్రశ్న: అలాగైతే టీకాలకు ముందే జన్యుపరీక్ష చేయించుకోవడం మంచిది కదా? ఎవరి జన్యువులకు తగిన టీకా వాళ్లకు తయారుచేసే రోజు వస్తుందా?

జవాబు: మొదటి దానికి నా జవాబు, వద్దు. ఇంతవరకు చెప్పిన రూపాలలో ఏ ఒక్కటీ ఒక వ్యక్తి స్పందిస్తాడో లేదో తేల్చిచెప్పేంత బలమైనది కాదు. హెపటైటిస్-బి విషయంలో సందేహముంటే నేరుగా యాంటీబాడీనే కొలవవచ్చు. గుర్రాన్ని చూడగలిగినప్పుడు దాని అడుగుల గుర్తులు లెక్కపెట్టడం దేనికి? పైగా ఒకే రూపం ఒకచోట మేలు, మరోచోట కీడు చేయవచ్చు. పైన మెచ్చుకున్న డీక్యూబీ1*06 కుటుంబంలోనే 06:02 అనే రూపం ఉంది. 2009 నాటి హెచ్1ఎన్1 మహమ్మారికి ఐరోపాలో వాడిన ఒక టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో నార్కొలెప్సీ అనే నిద్ర వ్యాధికి గురైన పిల్లలలో దాదాపు అందరిలోనూ ఈ రూపమే ఉంది. అదే సమయంలో ఆ రూపం ఉన్న అత్యధికులకు టీకా వేసినా ఆ వ్యాధి రాలేదు. ఇలాంటి రిపోర్టును చేతిలో పెట్టుకొని ఏం చేయాలో నాకు తెలిసిన వైద్యులెవరూ చెప్పలేరు.

రెండో ప్రశ్న మాత్రం ఊహ కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క టీకా అన్నది ఖర్చు దృష్ట్యా దూరపు మాటే గానీ, జన్యువులను ముందే లెక్కలోకి తీసుకొని టీకాను రూపొందించడం మొదలైంది. హెచ్‌ఐవీ విషయంలో దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఆ వైరస్‌కు చెందిన అనేక రకాలను ఒకేసారి అడ్డుకోగల వీఆర్‌సీ01 తరగతి యాంటీబాడీలు, బి-కణాలలోని ఐజీహెచ్‌వీ1-2 అనే జన్యువు 02 లేదా 04 రూపంలో ఉంటేనే తయారవుతాయి. ఆ రూపాలలో ఒక కీలకమైన చోట ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, వైరస్‌ను పట్టుకునే కొక్కెం అదే. ఆ జన్యువు నుంచి పుట్టిన అరుదైన బి-కణాలను మాత్రమే ఏరి మేల్కొలిపేలా అణువు అణువునూ కూర్చి ఒక ప్రోటీన్‌ను తయారుచేశారు. 2018లో మొదలైన తొలి పరీక్షలో ఆ టీకాను 36 మంది ఆరోగ్యవంతులకు, ఎనిమిది వారాల ఎడంతో రెండు డోసులుగా ఇచ్చారు. 2022 డిసెంబరులో వెలువడిన ఫలితాల ప్రకారం 35 మందిలో, ఆశించిన తరగతి బి-కణాలు మేల్కొన్నాయి. మేల్కొనని ఆ ఒక్కరి జన్యురాశిని తెరిచి చూస్తే ఐజీహెచ్‌వీ1-2 రెండు ప్రతులూ 05, 06 రూపాలలో ఉన్నాయి. కొక్కెం ఉండవలసిన చోట కొక్కెం లేదు. టీకా పనిచేయలేదని మాత్రమే రాసి వదిలేయవలసిన చోట, ఎందుకు పనిచేయలేదో ఒక్క వాక్యంలో రాయగలిగారు.